జగజ్జెట్టితో తేలని ఆట

చదరంగంలో గెలుపూ ఓటమీ గాక మూడవది ఒకటున్నది. ఆట తేలకపోవటం. ఇంగ్లీషువారు దానికి డ్రా అని పేరు పెట్టారు. మనమూ ఆ మాటే వాడుకొంటున్నాము. ఇద్దరు మనుషులు గంటల తరబడి బల్ల ముందు తలలు పట్టుకొని కూర్చొని, చివరకు చేతులు కలిపి "నీకూ లేదు, నాకూ లేదు" అన్నట్లు లేచిపోతే, ప్రక్కనుండి చూచేవారికి ఉసూరుమంటుంది. విస్తరి వేసి, నీళ్ళు చల్లి, వడ్డించకుండానే లేవమన్నట్లుంటుంది. పత్రికలలో కూడా గెలిచినవారి బొమ్మలే పడతాయి. తేలని ఆటల సంగతి చివర ఒక్క ముక్కతో సరి.

అయితే డ్రాలన్నీ ఒక్క జాతివి కావు. సమ ఉజ్జీలిద్దరు ఒకరినొకరు త్రోసుకొని, ఎవరూ పడక నిలిచిపోవటం ఒక జాతి. కొండంతవాడికీ గోరంతవాడికీ మధ్య ఆట తేలకుండా పోవటం వేరొక జాతి. లెక్కల పుస్తకంలో అది చెరి సగమే. ఆడినవారి మనస్సులలో మాత్రం ఎన్నడూ చెరి సగం కాదు. ఒకాయన జేబులో డబ్బు పోగొట్టుకొన్నవాడిలా లేస్తాడు, ఇంకొకడు లంకెబిందె దొరికినవాడిలా లేస్తాడు. ఇంకా చిత్రమైన సందర్భం కూడా కద్దు: ఆ అర పాయింటు దొరకటమే గొప్ప అని లోకమంతా చిన్నవాడిని మెచ్చుకొంటూ ఉండగా, నిజానికి బల్ల మీద పైచేయి ఆ చిన్నవాడిదే అయి ఉండటం. 2004 మార్చి 18వ తేదీన ఐస్లాండు దేశపు రాజధాని రేక్యవిక్‌లో జరిగిన ఆట అటువంటిది.

చదరంగం ఆడనివారు కూడా ఇది చదువుతారు గనుక ఒకటి రెండు మాటలు ముందుగా చెప్పుకొందాము. బల్ల మూలలలో నిలిచి తిన్నగా నడిచేది ఏనుగు. ఐమూలగా నడిచేది శకటు. కొందరిండ్లలో దీనినే ఒంటె అంటారు. గుర్రానికీ మంత్రికీ రాజుకూ బంటుకూ పేచీ లేదు. రాజు తప్పించుకొనే దారి లేకుండా చిక్కితే ఆటకట్టు. ఆట తేలకుండా పోవటానికి మాత్రం చాలా దారులున్నవి. రాజు మీద దాడి లేకపోయినా కదలటానికి ఒక్క ఎత్తు కూడా లేని స్థితి వస్తే డ్రా. ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందని ఆటగాడు చూపిస్తే డ్రా. బంటు కదలకుండా, ఏదీ చావకుండా ఇరువైపులా ఏబదేసి ఎత్తులు నడిచినా అడిగి డ్రా తీసుకోవచ్చును. ఆటకట్టు చేయటానికి చాలినంత బలం ఎవరికీ మిగలకపోయినా డ్రాయే. ఇవన్నీ గాక, ఇద్దరూ ఒప్పుకొంటే చాలు. పోటీలలో గెలిచినవారికి ఒక పాయింటు, ఓడినవారికి సున్న, ఆట తేలకపోతే చెరి అర. ఈ అర పాయింటు కూడా మొదటినుండీ ఉన్నది కాదు. 1867లో పారిస్ నగరంలో జరిగిన పెద్ద పోటీలో తేలని ఆటకు ఇద్దరికీ సున్నలే చుట్టారు. అదే సంవత్సరం స్కాట్లండులోని డండీలో చెరి అర ఇచ్చారు. న్యాయమని తోచింది కాబోలు, క్రమంగా లోకమంతా డండీవారి పద్ధతికే వచ్చింది.

ఇక ఆ ఇద్దరి సంగతి. నల్లపావులతో కూర్చున్నవాడు గారీ కాస్పరోవ్. నలభై ఏండ్ల మనిషి. 1985లో, తన 22వ ఏట, జగజ్జేత అయినవాడు. 2000 సంవత్సరంలో ఆ బిరుదు క్రామ్నిక్‌కు పోయినా, ఆటగాళ్ళ బలాబలాల పట్టికలో మొదటి పేరు మాత్రం ఆయనదే. దాదాపు ఇరవై ఏండ్లపాటు ఆ స్థానం ఇంకొకరికి దక్కలేదనవచ్చు. పావు పట్టుకొని బల్ల మీద పెట్టే తీరులోనే ఎదుటివాడికి చెమట పట్టేది. కనుబొమలు ముడివేసి, తల రెండు చేతుల మధ్య పెట్టుకొని ఆయన చూచే చూపుకే ఆటలు ఓడిపోయిన పెద్ద ఆటగాళ్ళున్నారని చెప్పుకొనేవారు.

తెల్లపావులతో కూర్చున్నవాడు మాగ్నస్ కార్ల్‌సెన్ అనే నార్వే దేశపు కుర్రవాడు. 1990 నవంబరు 30న పుట్టినవాడు. అంటే ఆనాటికి పదమూడేండ్లు నిండి మూడు నెలలు దాటినవి. కాళ్ళు నేలకు సరిగా ఆనీ ఆనని వయస్సు. ఐదేండ్లప్పుడు తండ్రి బల్ల ముందు కూర్చోబెట్టి నేర్పబోతే వాడికి పెద్దగా రుచించలేదు. తరువాత అక్కను ఓడించాలన్న పట్టుదలతో మళ్ళీ పట్టుకొన్నాడట. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉన్న ఇండ్లలో విద్యలు ఇలాగే వస్తాయి. వాడికి పాఠం చెప్పిన గురువు సిమెన్ అగ్దెస్టీన్. ఈయన చదరంగంలో గ్రాండుమాస్టరు, నార్వే జాతీయ ఫుట్‌బాల్ జట్టులోనూ ఆడినవాడు. బుర్రతో ఆడే ఆట, కాళ్ళతో ఆడే ఆట రెండూ ఒక మనిషిలో అంత ఎత్తుకు పోవటం ఎక్కడోగాని కనబడదు.

మన తల్లిదండ్రులు ముక్కున వేలు వేసుకొనే సంగతి ఇంకొకటున్నది. 2003లో ఆ కుర్రవాడి తల్లిదండ్రులు పిల్లలను ఒక ఏడాది బడి మాన్పించి, ఒక వ్యానులో ఎక్కించుకొని యూరప్ దేశాలు తిప్పారు. చదువు దారిలోనే తామే చెప్పుకొన్నారు. ఎక్కడ చదరంగం పోటీ ఉంటే అక్కడ పిల్లవాడు ఆడేవాడు. మనలో ఎవరైనా ఆ పని చేస్తే చుట్టాలంతా వచ్చి బుద్ధి చెప్పి వెళతారు. అలా తిరుగుతూ తిరుగుతూ 2004 జనవరిలో హాలండు దేశంలో సముద్రపు ఒడ్డున ఉన్న వైక్ ఆన్ జే అనే ఊళ్ళో, ఏటేటా జరిగే పెద్ద పోటీలో మూడవ తరగతి జట్టులో మొదటివాడుగా వచ్చాడు. మార్చికి రేక్యవిక్ చేరాడు.

ఇద్దరి బలాలలో తేడా ఎంత? దానికొక కొలబద్ద ఉన్నది. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాడ్ ఎలో అనే ఆచార్యుడు ఆటగాళ్ళ బలాన్ని అంకెలలో చెప్పే పద్ధతి ఏర్పరచాడు. 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దానిని స్వీకరించింది. ఆ పట్టికలో ఆనాడు కాస్పరోవ్ 2800 దాటి ఉన్నాడు. కుర్రవాడు 2500కు కొంచెం క్రింద. తేడా సుమారు 350. ఎలో గారి లెక్క ప్రకారం అంత తేడా ఉన్న ఇద్దరు నూరు ఆటలాడితే పెద్దవాడికి ఎనభై ఎనిమిది పాయింట్లు, చిన్నవాడికి పన్నెండు రావాలి. ఆ పన్నెండు కూడా చాలావరకు డ్రాల రూపంలో అర అరగా పోగుపడేవే. కాబట్టి పదమూడేండ్లవాడికి డ్రా అసాధ్యమేమీ కాదు. లాటరీ చీటీ వంటిదీ కాదు. అరుదైనది, అంతే.

రేక్యవిక్ చదరంగానికి కొత్త ఊరు కాదు. 1972లో ఫిషర్, స్పాస్కీ జగజ్జేత బిరుదు కోసం పోరాడినది అక్కడే. ఆ దేశపు జనాభా మొత్తం మూడు లక్షలకు లోపే ఉండేది; మన తాలూకా ఒకటి అంత ఉంటుంది. అయినా ఆ చలిదేశంలో చదరంగం ఇంటింటి ఆట. 2004లో జరిగినది వేగంగా ఆడే పోటీ. ఓడినవాడు ఇంటికి పోవలసినదే. జతలు నిర్ణయించటానికి మార్చి 17న ఇంకా త్వరగా ముగిసే ఆటల పోటీ ఒకటి పెట్టారు. అందులో కుర్రవాడు, కాస్పరోవ్‌కు ముందు జగజ్జేతగా ఉన్న కార్పోవ్‌నే ఓడించి కూర్చున్నాడు. ఆ ముచ్చట తీరకముందే మరునాడు కాస్పరోవ్‌తో జత పడింది. రెండు ఆటలు. మొదటి దానిలో తెల్లపావులు కుర్రవాడివి.

కాస్పరోవ్ ఆ రోజు కొంత ఆలస్యంగా వచ్చాడు. కుర్రవాడు బల్ల దగ్గర ఒక్కడే కూర్చొని ఎదురుచూశాడు. పెద్దవారు ఆలస్యంగా వస్తే చిన్నవారికి గుండె దడ పెరుగుతుందంటారు. వీడిలో అటువంటి జాడ ఏమీ కనబడలేదు.

ఆట మంత్రి ముందరి బంటుతో మొదలయినది. ఆరవ ఎత్తులో కాస్పరోవ్ తన మంత్రిని బల్ల అంచుకు, తెలుపువారి ఎడమచేతి వైపు చివరి వరుసకు తెచ్చాడు. తెల్లగుర్రం కదిలితే వెనుక రాజు మీద దెబ్బ పడేటట్లు అక్కడినుండి ఒత్తిడి. ఈ పద్ధతికి కేంబ్రిడ్జి స్ప్రింగ్సు అని పేరు. అమెరికాలో ఆ పేరుగల ఊళ్ళో 1904లో జరిగిన పోటీనుండి వచ్చింది. సరిగా నూరేండ్లు నిండిన ఎత్తుగడతో, నూరేండ్ల అనుభవాన్ని ఒక పసివాడి మీద ప్రయోగించాడన్నమాట. పసివాడికి ఆ పాఠం కూడా వచ్చు. గుర్రాన్ని వెనక్కు తీసి సర్దుకొన్నాడు. పదహారు ఎత్తులదాకా చెప్పుకోదగినదేమీ లేదు.

పదిహేడవ ఎత్తులో నల్లగుర్రం ఒక అడుగు వేసి, మధ్యలో నిలిచిన తెల్లశకటును బెదిరించింది. ఎవరైనా ఏం చేస్తారు? శకటును ప్రక్కకు తీస్తారు. కుర్రవాడు దానిని అక్కడే వదిలేసి, తన రెండవ శకటుతో ఎదుటివారి రెండవ గుర్రాన్ని చంపాడు. కాస్పరోవ్ మొదటి శకటును తీసుకొన్నాడు. అప్పుడు కుర్రవాడు గుర్రాన్ని మధ్యగడిలోకి దుమికించాడు. ఆ ఒక్క దుముకుతో మూడు పనులు జరిగినవి. గుర్రం లేచిపోవటంతో వెనుకనున్న తెల్లమంత్రికి దారి తెరుచుకొని, శకటును మింగిన నల్లగుర్రం మీద చూపు పడింది. దుమికిన గుర్రం నల్లశకటు మీదికి పోయింది. చంపటానికి వెళ్ళి శత్రువుల మధ్య చిక్కిన తెల్లశకటుకు అదే గుర్రం అండ అయినది. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చినది ఈ పంతొమ్మిదవ ఎత్తు. పెద్ద ఆర్భాటమేమీ లేదు. మన వంటింట్లో ఒక చేత్తో పొయ్యి సర్ది, అదే చేత్తో గరిటె తిప్పి, పోతూ పోతూ పిల్లవాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసే ఇల్లాలి పనితనం వంటిది.

కాస్పరోవ్ శకటుతో రాజుకు చెక్కు చెప్పి, దానిని బలి ఇచ్చి, ఎలాగో లెక్క సరిచేసుకొన్నాడు. కాని ఆ గొడవ ముగిసేసరికి తెల్లశకటు బల్ల నడిబొడ్డున పాతుకొని కూర్చున్నది. నల్లగుర్రం మంత్రికి అడ్డంగా నిలిచి కదలలేని స్థితి. కుర్రవాడు మంత్రిని ముందుకు తెచ్చాడు, బంటును ముందుకు త్రోశాడు, మిగిలిన గుర్రాన్ని మధ్యకు తెచ్చాడు. ఇరవైయేడవ ఎత్తుకు ఆ గుర్రం ఒక బంటును హాయిగా ఎత్తుకొని పోయింది. లోకంలో మొదటి ఆటగాడికి పదమూడేండ్లవాడు ఒక బంటు ఎక్కువ!

ఆనాడు తీసిన ఫిల్ము ఉన్నది. అందులో కాస్పరోవ్ ముఖం చూచితే అంకెలతో పని లేదు. తల విదిలిస్తాడు, పెదవి విరుస్తాడు, బల్ల మీదికి వంగి వంగి చూస్తాడు. ఎదుట కుర్రవాడు తన ఎత్తు వేసి, కుర్చీలోనుండి లేచి, ప్రక్క బల్లల మీద ఏం జరుగుతున్నదో చూడబోతాడు. పెద్దవారి ముందు అలా తిరగటం అమర్యాద అని మనవారు అనవచ్చు. పోటీలో అది తప్పు కాదు. పొగరూ కాదు. వాడికి నిజంగానే ప్రక్క ఆటలు చూడాలని ఉన్నది!

ఒక బంటు ఎక్కువ ఉన్నది గదా, మరి ఎందుకు గెలవలేదు? ఇక్కడే ఆట అంతా ఉన్నది.

బంటు విలువ అది చివరి వరుసకు చేరి మంత్రి అయ్యే ఆశలో ఉన్నది. పావులు తగ్గేకొద్దీ ఆ ఆశ పెరుగుతుంది గనుక, బలం ఎక్కువ ఉన్నవాడు మార్పిళ్ళు చేసుకోవాలని బడిపాఠం. కుర్రవాడు ఆ పాఠం ప్రకారమే నడిచాడు. గుర్రాలు పోయినవి. ముప్పదిరెండవ ఎత్తులో మంత్రులూ పోయినవి. కాస్పరోవ్ ఆ మార్పిడులకు అడ్డు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, మిగిలిన శకట్లు రెండూ రెండు రంగులవి. తెలుపువారి శకటు నల్లగడుల మీదనే తిరుగుతుంది. నలుపువారిది తెల్లగడుల మీదనే. ఒకే ఊళ్ళో రెండు బండ్లు రెండు వేరు వేరు బాటల మీద తిరుగుతున్నట్లు. అవి జన్మలో ఎదురుపడవు. ఒకదానిని రెండవది చంపలేదు, అడ్డుపెట్టలేదు. అందుచేత వెనుకబడినవాడు తన శకటును తన రంగు గడిలో బంటుకు అడ్డంగా ఒక్కచోట నిలిపాడంటే దానిని లేపే శక్తి ఎదుటి శకటుకు ఉండదు. ఒకటేమిటి, రెండు బంట్లు ఎక్కువ ఉన్నా ఇటువంటి స్థితులలో చాలాసార్లు ఆట తేలదు. ఏనుగులుంటే గెలుపు ఆశ కొంత బ్రతికి ఉంటుంది. కుర్రవాడికి ఒక జత ఏనుగులు మిగిలినవి, తరువాత చెరి ఒక్కటే.

మునిగిపోతున్నవాడు ఏ దుంగ పట్టుకోవాలో కాస్పరోవ్‌కు తెలుసు. ఆ దుంగ మీద తాను స్వయంగా నెలల తరబడి తేలినవాడు ఆయన. 1984 సెప్టెంబరులో మాస్కోలో కార్పోవ్‌తో జగజ్జేత బిరుదు కోసం కూర్చున్నప్పుడు ఆయనకు 21 ఏండ్లు. ముందుగా ఆరు ఆటలు గెలిచినవాడిదే బిరుదు. తొమ్మిది ఆటలయ్యేసరికి కార్పోవ్ నాలుగు గెలిచి ఉన్నాడు, కాస్పరోవ్ సున్న. అప్పుడు ఈ దూకుడు మనిషి దూకుడు కట్టిపెట్టి, వరుసగా పదిహేడు ఆటలు డ్రా చేశాడు. ఇరవైయేడవది ఓడిపోయి 5-0 అయినది. ఇంకొక్కటి పోతే సరి. పోనివ్వలేదు. 1985 ఫిబ్రవరిలో ప్రపంచ సమాఖ్య అధ్యక్షుడు ఆ పోటీని ఫలితం లేకుండా ఆపివేసేనాటికి 48 ఆటలయినవి. వాటిలో 40 డ్రాలు, కార్పోవ్‌వి ఐదు గెలుపులు, కాస్పరోవ్‌వి మూడు. ఆ సంవత్సరం నవంబరులోనే, మరొక పోటీలో, బిరుదు కాస్పరోవ్‌కు వచ్చింది. డ్రా అంటే పిరికివాడి ఆట అనేవారు ఆ నలభై ఆటలను ఒక్కసారి తలచుకోవాలి. బలం తక్కువైన రోజున బలవంతుడి ముందు నిలవటం ఎలాగో ఆయన అక్కడ నేర్చుకొన్నాడు. ఇరవై ఏండ్ల తరువాత రేక్యవిక్‌లో ఆ విద్య ఆయనకు ఒక పసివాడి ముందు పనికివచ్చింది. తాను బలవంతుడై ఉండి, బలహీనుడి విద్య వాడుకోవలసి వచ్చింది.

మిగిలిన కథ త్వరగా చెప్పవచ్చు. కుర్రవాడికి ఎడమ అంచున రెండు బంట్లు, ఎదుట ఒకటే. ముప్పదితొమ్మిదవ ఎత్తులో వాటిలో ఒకదానిని మార్చుకొని, అంచు బంటు ఒక్కదానిని స్వేచ్ఛగా నడిపించాడు. అది ఒక్క అడుగు నడిచిందో లేదో నల్లశకటు ముందు వచ్చి అడ్డంగా కూర్చున్నది, తెల్లగడి మీద. తెల్లశకటు చూస్తూ ఉండవలసినదే. ఈలోపు నల్ల ఏనుగు వెనుకవైపునుండి చొరబడింది, నల్లరాజు ముందుకు వచ్చాడు. గడియారం ఒకవైపు తరుముతున్నది. ఏబది ఒకటవ ఎత్తులో నల్లశకటు తెల్లరాజు ప్రక్కనున్న బంటు మీద పడింది. దానిని కాపాడటానికి కుర్రవాడు తన శకటును వెనక్కు తెచ్చి అడ్డుపెట్టాడు. అంచు బంటుకు కాపు పోయింది. ఇక నల్ల ఏనుగు దానిని తీసుకొంటే ఎక్కువ తక్కువలు సమానం. ఏబది రెండవ ఎత్తు దగ్గర చేతులు కలిపారు. కాస్పరోవ్ మాటామంతీ లేకుండా గబగబా లేచి వెళ్ళిపోయాడు.

నా అభిప్రాయంలో గెలుపు పోయినది ఏ ఒక్క తప్పు ఎత్తులోనూ కాదు. మంత్రులను మార్చుకొన్నప్పుడు కుర్రవాడు పుస్తకం చెప్పిన దారిన పోయాడు, ఎదుటివాడు ఆ పుస్తకంలో తరువాతి పుట చదివి ఉన్నాడు. పదమూడేండ్లవాడికీ నలభై ఏండ్లవాడికీ తేడా అంతే. మెరుపు దాడిలో కుర్రవాడు మించిపోయాడు. పావులు తగ్గి, బల్ల ఖాళీ అయి, ఓపిక పట్టవలసిన చోట అనుభవం గట్టెక్కింది.

రెండవ ఆటలో కాస్పరోవ్ తెల్లపావులతో గెలిచాడు. కుర్రవాడు పోటీనుండి తప్పుకొన్నాడు. చిన్నపిల్లవాడిలా ఆడానని ఆ తరువాత తనను తానే నిందించుకొన్నాడని పత్రికలు వ్రాశాయి. చిన్నపిల్లవాడు గాక మరెవరు! ఆ మరుసటి నెలలోనే దుబాయిలో గ్రాండుమాస్టరు హోదా సంపాదించాడు. 2005 మార్చిలో కాస్పరోవ్ పోటీల చదరంగం మానివేశాడు. 2009లో ఆ ఇద్దరే గురుశిష్యులై కూర్చున్నారు. 2010 జనవరిలో పట్టికలో మొదటి పేరు కార్ల్‌సెన్‌ది. కుర్రవాళ్ళ దగ్గర తమకు జరిగిన పరాభవాన్ని మనస్సులో పెట్టుకొనే పెద్దలు మనకు తెలియనివారు కారు. ఈ విషయంలో కాస్పరోవ్‌ను మెచ్చుకోక తప్పదు.

మన తమిళనాటి పాఠకులలో కొందరికి కార్ల్‌సెన్ పేరు వేరొక కారణాన గుర్తుండి ఉంటుంది. 2013 నవంబరులో చెన్నైలో మన విశ్వనాథన్ ఆనంద్ దగ్గరనుండి ఆయన జగజ్జేత బిరుదు తీసుకొన్నాడు. బిరుదు చేతికందిన ఆ పదవ ఆట కూడా డ్రాయే. 65 ఎత్తులు ఆడారు. అర పాయింటు చాలు అన్న రోజున కూడా చివరి పావుదాకా ఆడిన మనిషి. ఆ పోటీని అద్దాల గదికి ఇవతలినుండి కళ్ళప్పగించి చూచిన ప్రేక్షకులలో ఏడేండ్ల పిల్లవాడొకడున్నాడు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి బిడ్డ, దొమ్మరాజు గుకేశ్. ఆ అద్దాల లోపల తానూ ఒకనాడు కూర్చోవాలని అప్పుడే అనుకొన్నానని తరువాత చెప్పుకొన్నాడు. 2024 డిసెంబరులో సింగపూరులో, తన పద్దెనిమిదవ ఏట, డింగ్ లిరెన్‌ను ఓడించి అనుకొన్నది సాధించాడు.

ఇంట్లో బల్లా పావులూ ఉన్నవారు సెలవు రోజున ఈ క్రింది స్థితి పేర్చుకొని చూడవచ్చు. మంత్రులు పోయిన తరువాత, ముప్పదినాలుగవ ఎత్తు ముందు రేక్యవిక్‌లో ఉన్నది ఇదే. తెలుపువారి ఎడమచేతినుండి నిలువు వరుసలకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. గడులకు తెలుపు వైపునుండి 1 మొదలు 8 దాకా అంకెలు. తెలుపు: రాజు హెచ్ 2, ఏనుగులు డి 1, ఇ 1, శకటు ఇ 5, బంట్లు ఎ 4, బి 2, ఎఫ్ 2, జి 2, జి 4. నలుపు: రాజు జి 8, ఏనుగులు ఎ 8, ఇ 8, శకటు సి 6, బంట్లు ఎ 5, ఎఫ్ 7, జి 7, హెచ్ 6. ఎత్తు తెలుపువారిది. నల్లశకటు ఎ 4 బంటు మీద ఉన్నది గనుక ముందు దాని సంగతి చూడాలి. తెల్లపావులు పిల్లలకివ్వండి. పెద్దవారు నల్లపావులు తీసుకొని, జాలిపడి ఓడిపోకుండా, నిలబెట్టుకోగలరేమో చూడండి.